గృహ నిర్వహణము: కంప్యూటరు అటకను దులుపుట



ఏటేట భోగిపండుగకు ముందు మన యిండ్లలో అటక దులుపుట యాచారము. నిచ్చెన వేసికొని యెవరో యొకరు పైకెక్కుదురు. క్రింద నొకరు నిలిచి యందుకొందురు. కాళ్లు విఱిగిన పీటలు, చిల్లులుపడిన జల్లెడలు, ఎలుకలు కొఱికిన చాపలు, ఎన్నడో వచ్చిన సామానుల అట్టపెట్టెలు, వీనినెల్ల వాకిట గుట్టగా పోసి, ఇది మంటలోనికి, ఇది పాతసామానులవానికి, ఇది మరల అటకమీదికి అని విభజించునది ఆ యింటి గృహిణియే. పురుషులు బరువు మోయుదురు గాని తీర్పు చెప్పువారు స్త్రీలే. ఏలయన, ఆ మూలనున్న ఉయ్యాలగొలుసు ఏ బిడ్డ తొట్టెదో, ఆ మాసిన పట్టుగుడ్డ యెవరి పెండ్లినాటిదో ఆమెకే తెలియును.

ఇప్పుడు మన యిండ్లలో మఱియొక అటక యేర్పడినది. దానికి నిచ్చెన లేదు, దుమ్ము కనబడదు, ఎలుకలు చేరవు. అదియే కంప్యూటరులోని హార్డుడిస్కు. పిల్లల చదువునకనియో, ఇంటి లెక్కలకనియో కొన్ననాడు అది విశాలమైన ఖాళీ గది. నాలుగైదేండ్లు గడచునప్పటికి అందులో ఏమి చేరినదో ఎవరును చెప్పజాలరు. ఒకనాడు ఉదయమున యంత్రమును తెఱచినంతనే చోటు చాలదను హెచ్చరిక తెరమీద కనబడును. వ్రాసిన యుత్తరము భద్రము కాదు. కొత్త ఛాయాచిత్రములు ఎక్కవు. యంత్రము నడక మందగించును. రక్షణ కొఱకు సంస్థవారు పంపు దిద్దుబాట్లు సయితము చోటు లేక నిలిచిపోవును. అప్పుడు మనము ఇంటిలోని కుఱ్ఱవానినో, బజారులోని మరమ్మతువానినో పిలిచి, "అక్కఱలేనివి తీసివేయుము" అని చెప్పి వంటయింటిలోనికి వెళ్లిపోవుదుము. అక్కఱలేనివి యేవో వానికెట్లు తెలియును? అటక తాళము పరాయివాని చేతికిచ్చి పండుగపనులు చూచుకొను గృహిణి యెవరైన గలదా?

కావున ఈ నెల ఈ పనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయ నిశ్చయించితిమి.

మొదట చోటు అన నేమో తెలిసికొందము. కంప్యూటరులో రెండు విధములైన స్థలములు గలవు. ఒకటి మెమరీ, ఇది వంటగట్టు వంటిది. పని జరుగుచున్నంతసేపు సామానులు దానిమీద నుండును. యంత్రము నార్పినంతనే గట్టు శుభ్రమగును. రెండవది డిస్కు, ఇది కొట్టుగది వంటిది. యంత్రము నార్పినను అందులోనివి చెక్కుచెదరవు. చోటు లేదనగానే మెమరీ నిండినదని పలువు రందురు, అది పొరపాటు. నిండినది కొట్టుగది. గట్టు పెద్దది చేసినంత మాత్రమున కొట్టుగది ఖాళీ కాదు.

ఈ కొట్టుగదికి కొలతమానము బైటు. వేయి బైట్లు ఒక కిలోబైటు, వేయి కిలోబైట్లు ఒక మెగాబైటు, వేయి మెగాబైట్లు ఒక గిగాబైటు, వేయి గిగాబైట్లు ఒక టెరాబైటు. ఇంగ్లీషు అక్షరమొకటికి ఒక బైటు చాలును. మన తెలుగులో అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు ఒక్కొక్కదానికి సాధారణముగా మూడేసి బైట్లు పట్టును. ఐనను 300 పుటల నవల యొక్క అక్షరములన్నియు రెండు మెగాబైట్ల సుమారులో ఇముడును. ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు మూడు నాలుగు మెగాబైట్లు పట్టుట సామాన్యము. కదలు బొమ్మల సంగతి చెప్పనక్కఱలేదు. స్పష్టముగా తీసిన దృశ్యము నిమిషమునకు నూఱు మెగాబైట్లు దాటుట కలదు. అనగా అక్షరము చీమ, ఛాయాచిత్రము మేక, వీడియో ఏనుగు. ఈ పోలికను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

పూర్వము ఈ చోటు ఎంత ప్రియమైనదో యూహింపుడు. 1956వ సంవత్సరమున ఐబీఎం కంపెనీవారు మొదటి హార్డుడిస్కు యంత్రమును బయటికి తెచ్చిరి. అందు 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు ఒకదానిపై నొకటి పేర్చబడి తిరుగుచుండెడివి. ఆ యంత్రము మన ధాన్యపు గాదె యంత యుండి, సుమారు ఒక టన్ను బరువు తూగెను. అంత యంత్రమును నిలువ చేసినది 50 లక్షల అక్షరములను మాత్రమే. నేడు మన పిల్లలు తీయు ఛాయాచిత్రములు ఒకటి రెండు చాలును, దానిని నింపివేయుటకు. చోటు చవుక యగుకొలది మనకు పాఱవేయు నలవాటు తప్పినది. అదియే ఈ చిక్కునకు మూలము.

ఇచ్చట నొక సందేహమును తీర్చవలెను. 1 టెరాబైటు డిస్కు కొని యింటికి తెచ్చి చూడగా 931 గిగాబైట్లే కనబడినవనియు, అంగడివాడు మోసగించెననియు కొందరు సోదరీమణులు తలంతురు. మోసము లేదు. డిస్కు చేయువారు వేయి చొప్పున లెక్కింతురు. విండోసు 1024 చొప్పున లెక్కించును. ఒక యూరి కుంచము వేఱొక యూరి కుంచముతో సరిపోనట్లే ఇదియు. బియ్యము అవే, కొలపాత్ర వేఱు. 512 గిగాబైట్ల డిస్కు ఈ లెక్కను 476 గా కనబడును.

ఇక పనిలో ప్రవేశింతము. అటక యెక్కగానే చేతికందినది విసరివేయుట తెలివిగల గృహిణి లక్షణము కాదు. మొదట దీపము పట్టి చూడవలెను. విండోసు యంత్రములో సెట్టింగ్సు తెఱచి, అందులో సిస్టము, దానిలో స్టోరేజి అను భాగమును చూడుడు. ఏ జాతి వస్తువు లెంత చోటాక్రమించినవో అచ్చట గీతలతో చూపబడును. పిదప మీ ఫోల్డరును తెఱచి, ఫైళ్లను వరుసగా చూపు పద్ధతి నెన్నుకొని, సైజు అను శీర్షికను నొక్కినచో పెద్దవన్నియు పైకి వచ్చును. మొదట ఏనుగుల లెక్క చూడవలెను. చీమలను వేలకొలది వెదకి చంపినను గది ఖాళీ కాదు; ఒక్క యేనుగును బయటికి నడపిన చాలును. పిల్లలు దిగుమతి చేసి చూచి మఱచిన సినిమా యొక్కటి తీసివేసినచో, పది సంవత్సరముల యుత్తరములు తీసినను రాని చోటు వచ్చును.

ఇది చెప్పుటకు మా యింట జరిగిన సంగతియే కారణము. మా కంప్యూటరు నిండినప్పుడు మా మఱదిగారి కుమారుడు, కాలేజీలో చదువుకొనుచున్నవాడు, సాయము చేయుటకు కూర్చుండెను. వాడు తారీఖుల ప్రకారము పాతవాని నెల్ల ఒకచోట చేర్చి, "పెద్దమ్మా! ఈ ఫోల్డరు ఆరేళ్లుగా ఎవరూ తెరవలేదు. పేరు కూడా లేదు. తీసేయనా?" అని యడిగెను. మేము వంటపని తొందరలో నుండి, "అలాగే కానీ నాయనా" అంటిమి. చిక్కుడుకాయల ఈనెలు తీయుచున్న మా అత్తగారు తలయెత్తి, "ఏముందో ఒకసారి చూసి తియ్యి బాబూ" అనిరి. వాడు విసుగుకొనుచునే మొదటి ఫైలును నొక్కెను.

అది మా అమ్మాయి పెండ్లిలో ఎవరో ఫోనులో పట్టిన పాట. మా అత్తగారి ఆడపడుచు అప్పగింతల పాట పాడుచున్నది. నడుమ గిన్నెల చప్పుడు, ఎవరో కాఫీ కొఱకు పిలుచుట, పాట ఆగి ఆమె ముక్కు చీదుకొనుట, మరల అందుకొనుట, అన్నియు వినబడినవి. ఆమె గతించి అప్పటికి మూడేండ్లు. ఆ పాట నామె ఎన్నడును వ్రాసియీయలేదు. మా యింటిలో నది తెలిసినవారు మఱియొకరు లేరు. మా అత్తగారు కాయలు ప్రక్కకు పెట్టి, "మళ్లీ పెట్టు" అనిరి. ఆ సాయంకాలము మఱి పని సాగలేదు.

పాట నిడివి నాలుగు నిమిషములు. పట్టినచోటు నాలుగు మెగాబైట్లు. దానిని తీసివేసినచో మాకు కలుగు లాభము, ఆ యుదయముననే ఫోనునకు వచ్చిన యొక సుప్రభాతపు వీడియోను తీసిన కలుగు లాభముకన్న తక్కువ. కంప్యూటరునకు ఫైలు యొక్క సైజు తెలియును, తారీఖు తెలియును, వెల తెలియదు. ఎంతకాలము నుండి ముట్టలేదో చెప్పును గాని, ఎందుకు ముట్టలేదో చెప్పలేదు. పెట్టె యడుగున నున్న పెండ్లిచీరను కూడ మనము ఏండ్ల తరబడి ముట్టము గదా. కావున "పాతది" అనుమాట "అక్కఱలేనిది" అనుమాటతో సమానము కాదని మేము ఆనాడు నేర్చితిమి.

ఇక, సంశయము లేకుండ తీసివేయదగినవి యేవో చెప్పెదము.

మొదటిది తాత్కాలిక ఫైళ్లు. వంట చేయునప్పుడు పడు తొక్కలు, ఊక వంటివి యివి. యంత్రము తన పని కొఱకు తానే సృష్టించి, పిదప మఱచి వదలినవి. స్టోరేజిలోనే టెంపరరీ ఫైల్సు అను భాగమున ఇవి వరుసగా చూపబడును, గుర్తుపెట్టి తొలగింపవచ్చును. కాని యొక హెచ్చరిక. ఆ వరుసలోనే డౌన్‌లోడ్సు అనుపేరు కూడ నుండును. అది ఊక కాదు; బయటినుండి మీరు తెచ్చుకొన్న సామానులు. పిల్లల మార్కుల పత్రములు, బ్యాంకు కాగితములు, ప్రయాణపు టిక్కెట్లు అందులోనే పడియుండును. చూడకుండ దానికి గుర్తు పెట్టకుడు. స్టోరేజి సెన్సు అను నొక ఏర్పాటు కలదు; అది మనము చెప్పిన గడువు ప్రకారము తానే యూడ్చును. డౌన్‌లోడ్సు విషయమున దానికి "ఎన్నడును వలదు" అను నియమమే మొదట నుండును. దానిని మార్పకుండుట మేలు.

రెండవది రీసైకిల్ బిన్. ఫైలును తొలగించినంతనే చోటు వచ్చెనని తలంపకుడు. అది వాకిట చెత్తబుట్టలోనికి మాత్రమే చేరినది. బుట్ట యింకను మన యింటిలోనిదే. బుట్టను ఖాళీ చేసిననే చోటు కలుగును. ఐతే వెంటనే ఖాళీ చేయవలదు. చెత్తలో కలిసిన ఉంగరము దొరకునట్లు, ఒక వారము దానిని అట్లే యుంచిన యెడల పొరపాటున పడినది మరల తీసికొనవచ్చును. షిఫ్టు మీటతో కలిపి తొలగించినవియు, పెన్‌డ్రైవునుండి తొలగించినవియు సాధారణముగా బుట్టలో పడవని యెఱుగుడు. అచ్చట చేయి తొందరపడరాదు.

మూడవది వాడని ప్రోగ్రాములు. పిల్లలు ఆడి విడిచిన ఆటలు వీనిలో ముఖ్యములు. ఒక్కొక్కటి పదుల గిగాబైట్లు మ్రింగునవి కలవు. వీనిని ఫోల్డరునకు పోయి పెఱికివేయరాదు. సెట్టింగ్సులో ఆప్స్ అను భాగమునకు పోయి, అన్‌ఇన్‌స్టాల్ అనుదాని ద్వారా సాగనంపవలెను. చెట్టును వేళ్లతో తీయుటకును, కొమ్మ విఱుచుటకును గల భేదము వంటిదే ఇదియు.

నాలుగవది ప్రోగ్రాములు తెచ్చిన పొట్లములు. కొత్త ప్రోగ్రామును పెట్టుకొనుటకు దిగుమతి చేసిన ఫైలు, పని పూర్తియైన పిదప డౌన్‌లోడ్సులో ఊరక పడియుండును. సామాను తీసికొన్న తరువాత అట్టపెట్టె వంటిది, పాఱవేయవచ్చును.

అయిదవది రెండేసి, మూడేసి యున్న నకళ్లు. ఒకే ఛాయాచిత్రము ఫోనునుండి మూడు పర్యాయములు ఎక్కియుండును. పేరు చివర కుండలీకరణములలో 1, 2 అను అంకెలున్నచో అది నకలు కావచ్చును. తెఱచి పోల్చి చూచి, ఒకటి యుంచి తక్కినవి తీయుడు.

ఆఱవది విండోసును కొత్త కూర్పునకు మార్చినప్పుడు మిగులు పాతకూర్పు. విండోస్.ఓల్డ్ అను పేరుతో నుండి, పెద్ద చోటాక్రమించును. సాధారణముగా పది దినములలో అదియే తొలగిపోవును. కొత్తది సరిగా పని చేయుచున్నదని నమ్మకము కుదిరిన పిదప ముందే తీయవచ్చును గాని, తీసినచో పాతదానికి మరల పోవు దారి యుండదు.

ఇక చేయి పెట్టరానివి. విండోసు, ప్రోగ్రామ్ ఫైల్సు అను ఫోల్డర్లలోనికి పోయి ఏదియు తీయకుడు. అవి యింటి స్తంభములు. వంటచెఱకు చాలలేదని స్తంభమును నఱకువారుందురా? పేజ్‌ఫైలు, హైబర్‌ఫిలు అను పెద్ద ఫైళ్లు కనబడినను భయపడవలదు. యంత్రము తన పని కొఱకు ఉంచుకొన్నవి. పేరు తెలియని ఫైలును, ఏ కార్యక్రమమునకు సంబంధించినదో తెలిసికొనక ముట్టరాదు. "మీ కంప్యూటరు నిండినది, దీనిని నొక్కినచో క్షణములో శుభ్రపఱతుము" అని తెరమీద నెగిరివచ్చు ప్రకటనలను నమ్మకుడు. వాకిటికి వచ్చి నగలకు మెఱుగు పెట్టెదమనువారిని మనము ఎట్లు చూతుమో, వీరినట్లే చూడవలెను. శుభ్రపఱచుటకు వలసిన పరికరములు విండోసులోనే యున్నవి.

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన మాట. మేమెఱిగిన యొక యింట జరిగిన నష్టము చెప్పెదము. ఆ తల్లి ఫోను నిండినది. ఛాయాచిత్రములన్నియు ఇంటర్నెట్టులో కూడ భద్రముగా నున్నవని యెవరో చెప్పగా, ఫోనులోనివి తీసివేసినను అచ్చటివి నిలుచునని నమ్మి, అన్నిటిని ఎంచి తొలగించెను. పిమ్మట చెత్తబుట్టయు చోటు తినుచున్నదని దానిని సయితము ఖాళీ చేసెను. రెండు చోట్లను చిత్రములు పోయినవి. బిడ్డ మొదటి యడుగులు, అన్నప్రాశనము, మొదటి పుట్టినరోజు, అన్నియు ఆ బుట్టతోనే పోయినవి. చేసిన పనిలో అజాగ్రత్త లేదు; మంచి గృహిణి చేయదగిన పనినే ఆమె చేసెను. తెలియని దొక్కటే: అద్దమునకును, నకలునకును గల భేదము.

గూగుల్ ఫోటోసు, వన్‌డ్రైవు మొదలగునవి ఫోనుతోడను, కంప్యూటరుతోడను జతపఱచియున్నప్పుడు అవి అద్దము వంటివి. ఇచ్చట తీసినచో అచ్చటను తీయబడును. మనము బొట్టు తుడిచికొన్నచో అద్దములోని బొట్టు నిలుచునా? నకలు అట్లు కాదు. అది వేఱొక వస్తువు, వేఱొక చోట, మన చేష్టతో సంబంధము లేక యుండునది. గూగుల్ ఫోటోసులో "ఫ్రీ అప్ స్పేస్" అను ప్రత్యేకమైన మార్గము గలదు. అది అచ్చటికి చేరిన చిత్రములను మాత్రమే ఫోనులోనుండి తీయును, అచ్చటివి ముట్టదు. వన్‌డ్రైవులో ఫైలుమీద కుడిమీట నొక్కినపుడు కనబడు "ఫ్రీ అప్ స్పేస్" కూడ నట్టిదే. చోటు కొఱకైనచో ఆ మార్గముననే పోవలెను గాని సాధారణమైన తొలగింపు చేయరాదు. పొరపాటు జరిగినను అధైర్యపడక వెంటనే బుట్టను చూడుడు. గూగుల్ ఫోటోసులో అచ్చటికి చేరిన చిత్రములు తొలగించిన పిదప 60 దినములవఱకు బుట్టలో నుండును. గడువు దాటిననో, మనమే బుట్టను బోర్లించిననో దారి మూసికొనిపోవును. మఱియు, గూగుల్ వారు ఉచితముగా నిచ్చు 15 గిగాబైట్లలో ఉత్తరములు, డ్రైవులోని ఫైళ్లు, చిత్రములు అన్నియు కలిసియే లెక్కకు వచ్చును. 2021 జూన్ 1వ తేదీనుండి ఎక్కించిన చిత్రములకు సాధారణముగా మినహాయింపు లేదు. కావున ఆ గదియు నిండును.

నకలు యొక్క విలువ పెద్ద పెద్ద సంస్థలకు సయితము అనుభవముమీదనే తెలిసినది. అమెరికాలోని పిక్సార్ సంస్థవారు "టాయ్ స్టోరీ 2" అను చిత్రమును తయారు చేయుచుండగా 1998లో ఎవరో పొరపాటున నిచ్చిన ఒక్క యాజ్ఞతో ఆ చిత్రపు ఫైళ్లలో అధికభాగము తుడుచుకొనిపోయెను. భద్రపఱచితిమనుకొన్న నకళ్లను తీసి చూడగా అవి సరిగా లేవు. అప్పుడు గేలిన్ సస్‌మన్ అను నామె, ఆ చిత్రమునకు సాంకేతిక పర్యవేక్షకురాలు, తన యింటిలో నొక నకలున్నదని చెప్పెను. పసిబిడ్డ తల్లియైనందున ఆమె యింటినుండి పని చేయుచుండెను. అందువలన ఇంటి కంప్యూటరులో ఫైళ్లు చేరియుండెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, కారులో నిదానముగా కార్యస్థానమునకు తీసికొనిపోయిరి. చిత్రము 1999లో విడుదలయ్యెను. బిడ్డ తల్లి యింటిపట్టున నుండుటయే అందఱి శ్రమను నిలిపినది. ఇంటిలో నుంచినది భద్రమను మాట మన పెద్దలకు కొత్తది కాదు గదా.

ఈ కథ నుండి రెండు పాఠములు. నకలు వేఱొక చోట నుండవలెను; ఆ నకలు తెఱచుకొనునో లేదో అప్పుడప్పుడు చూచుచుండవలెను. తెలిసినవారు చెప్పు సూత్రమిది: పోరాని వస్తువునకు మూడు ప్రతులు, రెండు విధములైన పాత్రలలో, ఒకటి యింటికి వెలుపల. కంప్యూటరులో నొకటి, విడిగా కొన్న డిస్కులో నొకటి, ఇంటర్నెట్టులోనో, పుట్టినింటిలోనో, అక్కగారింటిలోనో నొకటి. మొదట నకలు, పిదప తొలగింపు. ఈ వరుస తప్పరాదు.

తొలగించినది నిజముగా పోవునా అను ప్రశ్నయు కలదు. డిస్కులో ఫైలును తొలగించుట యనగా పలకమీది వ్రాత తుడుచుట కాదు. పుస్తకము చివరి విషయసూచికలో నుండి ఆ పేరును కొట్టివేయుట మాత్రమే. ఆ చోట కొత్తది వ్రాయబడువఱకు పాతది లోపల నుండును. కావున పొరపాటున పోయిన ముఖ్యమైన ఫైలును వెదకవలసివచ్చిన యెడల, ఆ యంత్రమును వాడుట వెంటనే మానివేసి తెలిసినవారికి చూపుడు. ఎస్ఎస్‌డీ అను కొత్తరకపు డిస్కులలో ఈ యాశ చాల తక్కువ. మఱొకవైపు, పాత కంప్యూటరు నమ్మునపుడు ఇదే ప్రమాదము. ఊరక తొలగించి యిచ్చినచో, మీ ఆధారు నకలు, బ్యాంకు కాగితములు, ఆడపిల్లల ఛాయాచిత్రములు పరాయివారు మరల వెలికితీయవచ్చును. విండోసులో "రీసెట్" అను ఏర్పాటున అన్నియు తొలగించుటను, దానితోపాటు డిస్కును శుభ్రపఱచుటను కోరుకొని, పిదపనే అమ్మవలెను.

ఫోను సంగతి కొంచెము. మన దేశమున తెల్లవాఱగానే పంపుకొను సుప్రభాతపు బొమ్మలు, పండుగల శుభాకాంక్షలు ఎన్నో ఫోనులను నింపుచున్నవి. ప్రేమతో పంపినవారిని తప్పుపట్టము. ఐనను పూజ ముగిసిన పువ్వులను మరునాడు తీసివేయుట పూజకు లోపము కాదు. వాట్సాపులో సెట్టింగ్సు, స్టోరేజి అండ్ డేటా, మేనేజ్ స్టోరేజి అను వరుసలో పోయినచో, 5 మెగాబైట్లకు మించినవియు, పలుమార్లు చేతులు మాఱినవియు వేఱువేఱుగా చూపబడును. అచ్చటనే వానిని తొలగింపవచ్చును. చిత్రములు, వీడియోలు తమంతట తాము దిగుమతి కాకుండ నిలిపివేసికొన్నచో చెత్త మొదలే చేరదు.

చివరకు ఆచరణ. నెలకొక పర్యాయము అరగంట కేటాయింపుడు. బుట్టను చూచి ఖాళీ చేయుట, డౌన్‌లోడ్సును చూచి ఉంచదగినవి వాని వాని స్థానమునకు చేర్చుట, పెద్దవి యేవో చూచుట, ఇంతియే పని. డిస్కులో పదింట నొకపాలైన ఎల్లప్పుడు ఖాళీగా నుంచుడు. కుండను అంచువఱకు నింపినచో కలుపుటకు గరిటె తిరుగదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఉంచదలచినదానికి పేరు పెట్టుడు. పేరు లేని సీసా పోపులపెట్టె ప్రక్కన ఎన్నాళ్లుండినను ఒకనాడు ఎవరో పాఱబోయుదురు. ఫైలు పేరు తెలుగులోనే వ్రాయవచ్చును.

మా యింట ఆ పాటకు ఇప్పుడు పేరున్నది: "అప్పగింతల పాట", దాని ప్రక్కన పాడినవారి పేరు, పెండ్లి జరిగిన సంవత్సరము. ప్రతులు మూడు: ఒకటి కంప్యూటరులో, ఒకటి డిస్కులో, ఒకటి మా అమ్మాయి అత్తవారింట. ఆనాడు తొలగింపబోయిన మఱది కుమారుడే ఆ పేరు తెలుగున వ్రాసిపెట్టెను. తక్కిన ఆటలు, సినిమాలు తీసివేయగా మాకు 60 గిగాబైట్ల చోటు లభించినది.

సోదరీమణులారా, మీ యింటి యంత్రములో పేరు లేని ఫోల్డరు ఏదైన నున్నచో, తొలగించుటకు ముందు ఒక్కసారి తెఱచి వినుడని మా మనవి.